నానమ్మ శ్రుతి రెండు మెట్ల మధ్య పడింది

సంపాదకుల వారికి,

హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో పన్నెండేళ్లుగా కీబోర్డు నేర్పుతున్నాను. మా ఏడో తరగతి అమ్మాయి ఒకతి నర్సంపేట వైపు తండా పిల్ల. వాళ్ల నానమ్మ పాడిన తీజ్ పాటను ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చి, "మేడమ్, ఇది వాయిద్దామా?" అంది.

కూర్చున్నాం. నానమ్మ శ్రుతి సరిగ్గా కీబోర్డు మీది రెండు మెట్ల మధ్య పడింది. ట్రాన్స్‌పోజ్ (శ్రుతిని మెట్టు చొప్పున మార్చే బటన్) నొక్కితే ఓసారి పైకి, ఓసారి కిందికి పోయింది. ట్యూనింగ్‌లోకి వెళ్లి కొద్దికొద్దిగా జరిపితే కలిసింది. జారు, అంటే ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారడం, మాత్రం రాలేదు. అది మెట్ల మీద పలకదు కదా! అక్కడ ఆ పిల్ల చేతులు తీసేసి గొంతెత్తి పాడింది. నేను ఎడమ చేతికి కార్డులు (ఒకేసారి నొక్కే స్వరాల గుంపులు) పెట్టి చూశాను, వెంటనే సినిమా పాటైపోయింది. సా, పా రెండే పట్టి ఉంచమన్నాను.

క్లాసులో వాయించాక పిల్లలు అడిగిన మొదటి మాట, "తీజ్ అంటే ఏంది?" బుట్టల్లో గోధుమలు మొలకెత్తించి, పెళ్లికాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారని ఆ తండా పిల్ల చెప్పింది. "మా బతుకమ్మ కూడ తొమ్మిది రోజులే గదా!" అంది ఇంకో పిల్ల. ఆ ఇద్దరినీ ఒకే కీబోర్డు ముందు కూర్చోబెట్టి బతుకమ్మ పాట నేర్పాను. పాట ఒకరిది, 'ఉయ్యాలో' ఇంకొకరిది, చప్పట్లు కింది మెట్ల మీద.

వార్షికోత్సవానికి వారం ముందు స్కూలు వాళ్లు తీజ్ పాట తీసేయమన్నారు. పేరెంట్స్‌కు అర్థం కాదట. అదే స్టేజీ మీద మూడు ఇంగ్లిష్ పాటలున్నాయి, అవి ఎందరికి అర్థమయ్యాయో! బతుకమ్మను ఉంచారు గానీ, డిస్కో రిథమ్ వేయించారు.

ఈ గొడవ పాతదే. హంగరీ సంగీతకారుడు బేలా బార్తోక్ పల్లెలకు ఫోనోగ్రాఫ్ (పాతకాలం రికార్డింగ్ యంత్రం) మోసుకెళ్లి రైతుల పాటలు పట్టుకొచ్చాడు. 1908-09 ప్రాంతంలో పియానో నేర్చుకునే పిల్లల కోసం వాటితో 85 చిన్న రచనలు చేశాడు. చిన్న చేతులకు అందని ఆక్టేవులు (ఎనిమిది స్వరాల దూరం) పెట్టలేదు. అందులో దాదాపు సగం స్లొవాక్ పాటలే. తర్వాత రొమేనియన్ పాటల మీద పని చేసినందుకు, దేశభక్తి లేదని సొంత దేశంలోనే తిట్లు తిన్నాడు.

మన దగ్గర తండా పిల్ల, కోయగూడెం పిల్లాడు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్ల ఒకే బెంచీ మీద కూర్చుంటారు. మీ ఆదివారం సంచికలో వారానికో ఇంటి పాట వేయండి. ఏ భాష, ఏ ఊరు, ఎవరు పాడారు, అర్థమేంటి, స్వరాలేంటి అన్నీ ఉండాలి. పిల్లల రెండు చేతులకు సరిపోయేలా రాసిచ్చే పని నాది. మొదటి పాటకు నానమ్మను అడిగాం. సరే అని, "పేపర్ల నా పేరు పడుతదా?" అంది.

– ఒక సంగీతం టీచర్, హనుమకొండ