మా పిల్లలకు గుస్సాడీ నేర్పిన దాదాకు కృతజ్ఞతలు

అందరికీ రామ్ రామ్.

ఈసారి దండారికి, అంటే దీపావళి రోజుల్లో మా గోండులు చేసుకునే పండక్కి, మా ఊళ్లో తొమ్మిది మంది పిల్లలు గజ్జెలు కట్టి గుస్సాడీ నాట్యం ఆడారు. అందులో మా పెద్దోడూ ఉన్నాడు. అది మేం దాదా అని పిలుచుకునే మా గురువు చలవే. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

నిరుడు హైదరాబాద్‌లో మావాడి స్కూలు వార్షికోత్సవంలో గుస్సాడీని ఒక ఐటమ్‌గా పెట్టారు. ప్లాస్టిక్ ఈకలు, సినిమా పాట. ఇంటికొచ్చి, "నాన్నా, మనవాళ్లు ఇట్లనే ఆడతారా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. చిన్నప్పుడు క్లాసులో గోండీ మాట్లాడితే దెబ్బలు పడేవి. ఆ భయంతోనే వాడికి మా భాష నేర్పలేదు.

గుస్సాడీ గురువు మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చినప్పుడు ఎంత మురిసిపోయామో! 2024లో ఆయన పోయాక, ఇక పిల్లలకు ఎవరు నేర్పుతారన్న దిగులు పట్టుకుంది. దాదాకు ఫోన్ చేస్తే, "నీ కొడుకొక్కడే కాదు, ఊరి పిల్లలందర్నీ కూర్చోబెట్టు" అన్నారు. ఎండాకాలం సెలవుల్లో ఇరవై రోజులు బండి మీద వచ్చి నేర్పారు. పైసా తీసుకోలేదు.

మొదటి వారం అడుగే వేయనివ్వలేదు. మా తాత నాటి నెమలి ఈకల టోపీని ఒళ్లో పెట్టుకుని, ఈకలు ఊడిన చోటల్లా కొత్తవి చేర్చి దారంతో బిగించారు. మావాడు కట్టిన ముడి జారిపోతే విప్పించి మళ్లీ కట్టించారు, నాలుగుసార్లు. ఆ టోపీ ఎవరు పెట్టుకోవాలో, పండగ అయ్యేదాకా గుస్సాడీ ఆడేవాళ్లు ఎందుకు స్నానం చేయరో ఆ పని మధ్యలోనే చెప్పారు.

మధ్యాహ్నాలు అక్షరాలు. మా గోండీకి లిపి లేదనే చిన్నప్పుడు విన్నాను. మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో దొరికిన పాత రాతప్రతుల్లోని లిపికి 2018లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాల పట్టికలో, చోటు దొరికింది. ఆ అక్షరాలతోనే పిల్లలు ముసలివాళ్లను అడిగి ఊరి వాగులు, గుట్టల గోండీ పేర్లు రాశారు. చార్టు మీద ఊరి పటం గీశారు. "జల్, జంగల్, జమీన్ అని కుమ్రం భీం కొట్లాడిండు. ఆ వాగు పేరే మనకు తెల్వకపోతే అది మనదని ఎట్ల అడుగుతం?" అన్నారు దాదా. ఆ పటం ఇప్పుడు మా ఊరి పెద్ద పటేల్ ఇంటి గోడకు ఉంది.

దాదా, మీ రుణం తీర్చుకోలేను. మీరు అడిగిన ఒక్క మాట ఇక్కడ అందరికీ చెబుతున్నా: ఇళ్లల్లో మూలన పడ్డ పాత టోపీలు, డప్పులు అమ్మేయకండి. కబురు చేస్తే దాదానే వచ్చి బాగుచేసి పెడతారు.