ఫ్లోరెన్స్ వెళ్తున్న అమ్మాయికి

చిన్నితల్లికి, నాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇటలీ ఫ్లోరెన్స్ ప్లాన్ చూశాను. రెండు రోజుల్లో డజను చర్చిలా? సగం కొట్టేయమ్మా. మ్యూజియంలో బొమ్మల్ని ఎక్కడెక్కడి నుంచో తెచ్చి తగిలిస్తారు. చర్చిలో చాలావరకు బొమ్మ ఆ గోడ కోసమే వేసి ఉంటుంది. కాబట్టి ఎక్కడ నిలబడి చూస్తున్నామో చూసుకోవాలి.

ముందు స్టేషన్ దగ్గరున్న శాంతా మారియా నోవెల్లా చర్చికి వెళ్ళు. లోపల పొడుగాటి గోడ మీద మసాచో అనే చిత్రకారుడు వేసిన త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ) ఫ్రెస్కో, అంటే తడి సున్నం మీద వేసిన గోడబొమ్మ, ఉంటుంది, 1427 ప్రాంతంలోది. దగ్గరికి పరుగెత్తకు. కొంచెం వెనక్కి, కొంచెం ముందుకి జరుగుతూ చూడు. ఒకచోట ఆ చదును గోడ లోపలికి తెరుచుకుని, నిజంగానే అక్కడ కమానుల గది ఉన్నట్టు కనిపిస్తుంది. సిలువ మీద యేసు, వెనక తండ్రి దేవుడు, పక్కన మరియమాత, యోహాను. మరియమ్మ ఏడవదు, మనవైపు చూస్తూ చేత్తో కొడుకుని చూపిస్తుంది. నాకైతే ఆ చూపు దగ్గరే కాళ్ళు ఆగిపోయాయి. బొమ్మ అడుగున సమాధి మీద అస్థిపంజరం ఉంటుంది. నేనూ ఒకప్పుడు నీలాంటివాణ్ణే, రేపు నువ్వూ నాలాగే అవుతావు అని దాని పైన రాసి ఉంటుంది. దీన్ని వేసిన ఒకటి రెండేళ్ళకే మసాచో పోయాడు. ముప్పై కూడా నిండలేదు.

ఇంకో తమాషా. పదహారో శతాబ్దంలో వసారీ అనే చిత్రకారుడు ఈ బొమ్మని తెగ మెచ్చుకున్నాడు, మళ్ళీ తనే చర్చిని మారుస్తూ దీని ముందు రాతి పీఠం కట్టించాడు. 1860 దాకా బొమ్మ ఆ పీఠం వెనకే ఉండిపోయింది.

పెద్ద చర్చి డోమ్‌ని మాత్రం బయటినుంచే తనివితీరా చూడు. అంత గుమ్మటాన్ని బ్రునెలెస్కీ అనే వాస్తుశిల్పి కింది నుంచి సెంట్రింగ్ లేకుండా లేపాడు, 1436కి పూర్తయింది. లోపలి వైపు బొమ్మలు నాకంత నచ్చలేదు. పైకెక్కాలంటే 463 మెట్లు, లిఫ్ట్ లేదు. మీ అమ్మ మోకాళ్ళ పుణ్యమా అని నేనూ తప్పించుకున్నాను.

శాంతా క్రోచే చర్చిలో మైకెలాంజెలో, గెలీలియో సమాధులున్నాయి. గెలీలియో పోయింది 1642లో, చర్చి లోపల ఆ గౌరవం దక్కింది 1737లో. చర్చికి టికెట్టా అని విసుక్కోకు, మనకి తిరుమలలో 300 రూపాయల దర్శనం లేదా?

నది దాటి కార్మినే చర్చిలో బ్రంకాచీ చాపెల్‌కి వెళ్ళు. అక్కడ మసాచో వేసిన బొమ్మలో, ఏదెను తోట నుంచి గెంటేస్తే ఆదాము మొహం దాచుకుంటాడు, హవ్వ నోరు తెరిచి ఏడుస్తుంది. తర్వాతి కాలంలో ఎవరో వాళ్ళకి ఆకులు కప్పితే, 1980ల్లో శుభ్రం చేసినప్పుడు తీసేశారు. చాపెల్ కిటికీ ఎటువైపు ఉందో గమనించు. బొమ్మల్లో వెలుగు కూడా అటు నుంచే పడుతుంది.

భుజాలు, మోకాళ్ళు కనపడకూడదు, బ్యాగులో చున్నీ పెట్టుకో. ప్రార్థన జరుగుతుంటే పక్కన కూర్చో, ఫోన్ తియ్యకు. కొన్నిచోట్ల నాణెం వేస్తేనే లైటు వెలుగుతుంది, చిల్లర ఉంచుకో. బ్రంకాచీలో కొద్దికొద్దిమందినే పంపుతారు, ఆ టికెట్ ఇవాళే బుక్ చెయ్యి. ఏ రోజు దొరికిందో అమ్మకి మెసేజ్ పెట్టు.

మీ నాన్న