టెండరులో పక్షపాతం జరిగితే ఎవరికి చెప్పుకోవాలి?

సంపాదకులకు నమస్కారం.

రోడ్డు వేయాలన్నా, చెరువు కట్ట బాగుచేయాలన్నా, ఆస్పత్రికి మందులు కొనాలన్నా ప్రభుత్వం టెండరు పిలవాల్సిందే. ఆ టెండరు ఒకరి కోసమే పిలిచారన్న అనుమానం వస్తే ఓడిపోయిన కాంట్రాక్టరు ముందున్న దారులు రెండే. టెండరు పిలిచిన శాఖకే మొరపెట్టుకోవాలి, లేదంటే హైకోర్టులో రిట్ (ప్రభుత్వ చర్యను ప్రశ్నించే పిటిషన్) వేయాలి. ఈ రెండింటి మధ్య, టెండరు వివాదాలు మాత్రమే విని త్వరగా తేల్చే స్వతంత్ర ట్రిబ్యునల్ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చట్టం ద్వారా రావాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

ఇంజనీరుగా ఉద్యోగం చేసినన్నాళ్లూ టెండరు కమిటీల్లో కూర్చున్నాను. పక్షపాతం అంటే డబ్బు చేతులు మారడమేనని జనం అనుకుంటారు. చాలాసార్లు అది నిబంధనలు రాసే దగ్గరే జరిగిపోతుంది. గత ఐదేళ్లలో ఇదే రకం పని ఇంత విలువకు చేసి ఉండాలి, ఫలానా యంత్రం సొంతంగా ఉండాలి, పని జరిగే చోటికి ఇన్ని కిలోమీటర్లలోపు హాట్ మిక్స్ ప్లాంటు (రోడ్డుకు తారు, కంకర కలిపే ప్లాంటు) ఉండాలి అని షరతులు పెడతారు. విడివిడిగా చూస్తే దేన్నీ తప్పు పట్టలేం. అన్నీ కలిపి చూస్తే జిల్లా మొత్తంలో ఆ అర్హతలున్నవాడు ఒక్కడే తేలతాడు. ఉమ్మడి రాష్ట్రంలో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్, అంటే ఆన్‌లైన్‌లో టెండర్లు వేసే పద్ధతి, వచ్చాక టెండరు బాక్సుల దగ్గర కాపలాలు, బెదిరింపులు, టెండరు ఫారాలు దొరక్కుండా చేయడాలు చాలావరకు పోయాయి. అది నిజంగా మంచి మార్పు. కానీ టెక్నికల్ బిడ్‌లో, అంటే అర్హతలు చూసే మొదటి దశలో, ఎవరి అనుభవ పత్రం చెల్లుతుందో, ఎవరిది చెల్లదో ఇప్పటికీ మనుషులే తేలుస్తారు.

అలా తన పత్రం చెల్లదన్నారని ఒక చిన్న కాంట్రాక్టరు పై అధికారికి ఫిర్యాదు చేయడం నేను చూశాను. ఆ కాగితం ‘రిమార్క్స్ కోసం’ అంటూ ఆయన బిడ్‌ను తిరస్కరించిన అధికారి టేబుల్ మీదికే వచ్చింది. సమాధానం తయారయ్యేలోపు మిగిలినవాళ్ల ధరలుండే ప్రైస్ బిడ్ తెరిచారు, అగ్రిమెంటు కూడా అయిపోయింది. ఇందులో ఎవరూ నిబంధన దాటలేదు. మన ఆఫీసుల్లో ఫైలు నడిచే పద్ధతే అది. అందుకే నాకు ఇంకా బాధ.

మరి కోర్టుకు వెళ్తే? 1994లో, మొబైల్ ఫోన్ సేవల టెండరు మీద వచ్చిన టాటా సెల్యులార్ కేసు నుంచి సుప్రీంకోర్టు చెబుతున్నది ఒకటే: నిర్ణయం ఎలా తీసుకున్నారో చూస్తాం, నిర్ణయం మీద అప్పీలు వినం. 2006లో జగదీశ్ మండల్ కేసులో ఇంకో మాట చేర్చింది. దురుద్దేశం గానీ, ఒకరికి మేలు చేసే ఉద్దేశం గానీ ఉందా, ప్రజాప్రయోజనం దెబ్బతిందా అన్నవి చూశాకే కోర్టు జోక్యం చేసుకోవాలంది. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని సవరించి, మౌలిక సదుపాయాల ప్రాజెక్టులు ఆలస్యమయ్యేలా కోర్టులు ఇంజంక్షన్లు (పని ఆపమనే ఉత్తర్వులు) ఇవ్వకుండా కట్టడి చేశారు. 2022లో ఎన్.జి. ప్రాజెక్ట్స్ కేసులో, తప్పు కనిపించినా స్టే ఇవ్వడానికి బదులు నష్టపరిహారం వైపు పంపడం మేలని సుప్రీంకోర్టు అభిప్రాయపడింది. పనులు ఏళ్ల తరబడి ఆగిపోకూడదన్న కోర్టు ఆందోళన సరైనదే. కానీ కోర్టు తలుపు ఇంతగా ఇరుకైనప్పుడు బయట ఇంకో తలుపు తెరవాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే కదా!

పక్షపాతం విషయంలో చట్టం నిజానికి బలంగానే ఉంది. జమ్మూకశ్మీర్‌లో అటవీ అధికారుల ఎంపిక బోర్డులో, స్వయంగా అభ్యర్థి అయిన అధికారే సభ్యుడిగా కూర్చున్నాడు. 1969లో ఎ.కె. క్రైపాక్ కేసులో సుప్రీంకోర్టు ఆ ఎంపికను కొట్టేసింది. ఆయన నిజంగా పక్షపాతం చూపాడని రుజువు కానక్కర్లేదు, చూపి ఉంటాడని నమ్మడానికి సమంజసమైన కారణం ఉంటే చాలు అంది. అదే టాటా సెల్యులార్ కేసుకు వచ్చేసరికి, ఎంపికలో పాలుపంచుకున్న ఉన్నతాధికారి కుమారుడు టెండరు వేసిన ఒక సంస్థలో ఉద్యోగి అని తెలిసినా, నిర్ణయం ఆయనొక్కరిదే కాదని, ఆ హోదాలో ఆయన తప్పుకునే వీలూ లేదని ఆ వాదనను తోసిపుచ్చింది. ఇలాంటి బంధుత్వాలు టెండరు తెరవకముందే బయటపెట్టించి, ఇంకొకరిని కూర్చోబెట్టే వ్యవస్థ ఉంటే ఈ తగువు సుప్రీంకోర్టు దాకా పోవాల్సిన పనే ఉండదు.

అమెరికాలో ఏం జరిగిందో చూడండి. వాయుసేన కొనుగోళ్లు చూసిన డార్లీన్ డ్రూయన్ అనే అధికారి తన కూతురికి, కాబోయే అల్లుడికి బోయింగ్‌లో ఉద్యోగాలు ఇప్పించుకుంది. ఆ కృతజ్ఞత తన నిర్ణయాల మీద ప్రభావం చూపిందని ఒప్పుకుని 2004లో జైలు శిక్ష పడింది. వెంటనే లాక్‌హీడ్ మార్టిన్, 2001 నాటి సి-130 విమానాల ఆధునికీకరణ కాంట్రాక్టు మీద ఫిర్యాదు చేసింది. దాన్ని విన్నది కోర్టు కాదు, అక్కడి పార్లమెంటుకు జవాబుదారీగా ఉండే ఆడిట్ సంస్థ. ఫిర్యాదు న్యాయమైనదేనని 2005 ఫిబ్రవరిలో తేల్చింది. ఆ సంస్థ ఏ ఫిర్యాదునైనా 100 రోజుల్లో పరిష్కరించాలి. సకాలంలో ఫిర్యాదు చేస్తే అప్పటిదాకా కాంట్రాక్టు ఆగుతుంది.

అది సంపన్న దేశం కాబట్టి సాధ్యమైందంటారా? కెన్యాలో 2015 చట్టం ప్రకారం ఓడిపోయిన వాడు 14 రోజుల్లో రివ్యూ బోర్డుకు వెళ్లాలి, బోర్డు 21 రోజుల్లో తేల్చాలి. అంతవరకు అగ్రిమెంటు మీద సంతకం పెట్టకూడదు.

మన దేశంలో తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో, రాజస్థాన్ 2012లో టెండర్ల చట్టాలు చేసి అప్పీలు హక్కు ఇచ్చాయి. తమిళనాడులో ఆ అప్పీలు వినేది ప్రభుత్వమే, అదే లోపం. కేంద్రం 2012లో లోక్‌సభలో పెట్టిన పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ బిల్లు 2014లో సభ రద్దుతో మురిగిపోయింది. ఆంధ్రప్రదేశ్ 2019లో, 100 కోట్లు, ఆపైన ఉన్న మౌలిక ప్రాజెక్టుల టెండరు పత్రాలను ముందే ఒక న్యాయమూర్తి పరిశీలించే చట్టం చేసింది. వాటిని వారం పాటు ప్రజల ముందు ఉంచేవారు. 2024లో దాన్ని రద్దు చేశారు. అది ఉన్నప్పుడు కూడా టెండరు తెరిచాక జరిగే అన్యాయానికి అందులో చోటు లేదు. 100 కోట్ల లోపు పనుల సంగతి అసలే లేదు. మన మండలాల్లో జరిగే పనులన్నీ దాదాపు ఆ లోపువే.

ట్రిబ్యునల్ పెడితే ఓడినవాళ్లంతా కేసులు వేసి పనులు ఆపేస్తారని ఇంజనీర్లు భయపడతారు. నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్నే, ఆ టెన్షన్ నాకు తెలుసు. దానికి డిపాజిట్ పెట్టించండి, కావాలని వేసిన ఫిర్యాదైతే జప్తు చేయండి. అధికారికి పోటీదారుతో సంబంధం ఉందని ముందే తెలిసీ నోరు మెదపకుండా, ఓడాక మాత్రమే లేవనెత్తేవాడి మాట వినక్కర్లేదని కూడా చట్టంలో రాయండి. కానీ ముందే చెప్పేవాడికి చెప్పుకునే చోటు చూపించాలి కదా. బిడ్లు వేయకముందు జరిపే ప్రీ-బిడ్ మీటింగులో షరతును ప్రశ్నించాలంటే ఆ షరతు రాసిన అధికారినే ప్రశ్నించాలి. రేపు తన బిల్లులు పాస్ చేయాల్సిందీ ఆయనే. ఏ చిన్న కాంట్రాక్టరు నోరు తెరుస్తాడు?

ట్రిబ్యునల్‌లో టెండరు పిలిచిన శాఖ వాళ్లు ఉండకూడదు. ఒక విశ్రాంత న్యాయమూర్తి, ఒక ఇంజనీరు, ఒక ఆడిట్ నిపుణుడు చాలు. తీర్పుకు 30 రోజుల గడువు పెట్టాలి. టెక్నికల్ బిడ్‌లో తిరస్కరించిన ప్రతి ఒక్కరికీ కారణం రాతపూర్వకంగా ఇచ్చి, పది రోజులు ఆగాకే ప్రైస్ బిడ్ తెరవాలి. ఈ చివరిదానికి చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు, రెండు ప్రభుత్వాలూ ఒక్క జీవోతో రేపటి నుంచే అమలు చేయొచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజనీరు,
ఏలూరు