దారిలో ఏమీ లేదనడం తగదు

సంపాదకులకు నమస్కారాలు.

ఇటీవల మీ పర్యాటక పేజీలో వచ్చిన రాజస్థాన్ యాత్రా వ్యాసంలో, జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్‌కు రాత్రి బస్సులో నిద్రపోతూ వెళ్లడం మేలని, దారిలో చూడదగ్గదేమీ లేదని రాశారు. ఇక్కడ బెంగళూరులో మాకు యాత్ర కుదిర్చిన ఏజెంటు కూడా అదే మాట అన్నారు. ఆయన మాట కాదని జనవరిలో మా అమ్మతో కలిసి పగటిపూట కారులో వెళ్లినదాన్ని కనుక, ఈ సలహా నమ్మిన పాఠకులు ఎడారిలో సగం పోగొట్టుకుంటారని చెప్పక తప్పడం లేదు.

నేరుగా వెళ్తే దాదాపు 280 కిలోమీటర్లు. మేము ఫలోదీ మీదుగా, మనసైన చోటల్లా ఆగుతూ వెళ్లేసరికి రోజంతా పట్టింది. మొదట కారు ఆపించింది అమ్మే. రోడ్డు పక్క చేలో జమ్మి చెట్లు కొమ్మలు పోయి మోడుల్లా నిలబడి ఉంటే, దసరాకు పూజించే చెట్టును ఇలా నరుకుతారా అని ఆమె నొచ్చుకుంది. అక్కడ మేకలు కాస్తున్న పెద్దాయన చెప్పాక సంగతి తెలిసింది. ఏటా చలికాలంలో కొమ్మలు కొట్టి, ఆకును ఎండబెట్టి మేకలకూ ఒంటెలకూ దాచుకుంటారట. ఎండలు ముదిరేసరికి చెట్టు మళ్లీ చిగురిస్తుందట. వాళ్లు ఖేజ్రీ అని పిలిచే ఈ జమ్మి రాజస్థాన్‌కూ మన తెలంగాణకూ కూడా రాష్ట్ర వృక్షం. 1730లో జోధ్‌పూర్ రాజు మనుషులు ఈ చెట్లను నరకడానికి వస్తే, అమృతాదేవి మొదలుకొని చెట్లనూ జంతువులనూ కాపాడటం ధర్మంగా భావించే బిష్ణోయి శాఖవారు 363 మంది వాటిని కౌగిలించుకుని ప్రాణాలిచ్చిన ఖేజర్లీ గ్రామం జోధ్‌పూర్ దగ్గరలోనే ఉంది. మళ్లీ చిగురించేలా కొమ్మ కొట్టడం వేరు, మొదలంటా నరకడం వేరు అని అమ్మకు ఆ పెద్దాయన నోటనే తెలియడం నాకు ఎంతో తృప్తినిచ్చింది.

ఫలోదీ సమీపిస్తుండగా తలమీదుగా బారులు తీరి పక్షులు వెళ్తుంటే డ్రైవరు అడగకుండానే బండిని ఖీచన్ వైపు తిప్పాడు. మంగోలియా, మధ్య ఆసియాల నుంచి వేల సంఖ్యలో వచ్చే ఈ కొంగజాతి పక్షులను అక్కడివారు కుర్జా అంటారు. శీతకాలమంతా ఊరివాళ్లే వాటికి గింజలు వేస్తారు. అక్కడ గంట ఎలా గడిచిందో తెలియలేదు.

మధ్యాహ్నం ఒక దాబాలో సజ్జ రొట్టెతో పాటు వడ్డించిన కూర చూసి అమ్మ అది గోరుచిక్కుడు వరుగు అనుకుంది. నిజానికి అది ఎండబెట్టిన జమ్మి కాయ. సాంగ్రీ అంటారు. నూనె, ఎండుమిర్చి, పుల్లటి కేర్ కాయలతో వండిన ఆ కూరను ఆమె రెండోసారి అడిగి వేయించుకుంది.

పోఖ్రాన్ దాటాక గాలిమరలు, విద్యుత్ తీగలు కనిపించాయి. రాజస్థాన్ రాష్ట్ర పక్షి అయిన బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఎదురుగా ఉన్న తీగలను సరిగా చూడజాలదు. ఒళ్లు బరువు కావడంతో చప్పున పక్కకు తప్పుకోలేక వాటికి తగిలి చనిపోతోంది. దేశంలో మిగిలిన కొద్దిపాటి బట్టమేక పక్షుల్లో ఎక్కువ భాగం జైసల్మేర్ జిల్లాలోనే ఉన్నాయి. మా కర్నూలు వైపు రోళ్లపాడు అభయారణ్యం వెలసిందే ఈ పక్షి కోసం. ఇప్పుడు అక్కడ దాని జాడే గగనమైంది. చిన్నప్పుడు బీళ్లలో దాన్ని చూశానని చెప్పే మా అమ్మ, ఆ తీగలు కనిపించినంత సేపూ కిటికీ దగ్గర నుంచి కదలలేదు. మాకు ఒక్కటీ కనబడలేదు.

వచ్చే చలికాలంలో ఆ వ్యాసాన్ని మళ్లీ ప్రచురిస్తే, దయచేసి పగటి ప్రయాణాన్నే సూచించండి. ఖీచన్‌నూ ఖేజర్లీనీ చేర్చండి. ఫోటోల కోసం గడ్డిబీళ్లలోకి బండ్లు దింపవద్దని, అవి పక్షులు నేలమీద గుడ్లు పెట్టే చోట్లని కూడా రాయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
బెంగళూరు