బిల్లుల మార్చి, పక్షుల మార్చి

సంపాదకుడు గారికి,

మొన్న ఆదివారం తెల్లవారుజామున మా కాలనీ పక్కనున్న చెరువు గట్టున అరగంట నిలబడ్డాను. నా నోటుపుస్తకంలోకి ఎక్కినవి నాలుగు నామాల కోళ్లు, ఒక నీటికాకి, రెండు జేసీబీలు. మూడేళ్ల కిందట ఇదే మార్చిలో, ఇదే చోట రాసుకున్న పేజీలో సూదితోక బాతులు ఉన్నాయి, లోతులేని నీళ్లలో నిలబడి మేసే ఉల్లంకి పిట్టలు ఉన్నాయి, పేరు తేల్చుకోలేక ప్రశ్నార్థకం పెట్టుకున్నవి కూడా ఉన్నాయి.

వసంతం అనగానే మనకు కోయిల గుర్తొస్తుంది. అది ఎక్కడినుంచో రాదు. ఏడాది పొడవునా ఇక్కడే ఉండి, ఇప్పుడు గొంతు విప్పుతుందంతే. నిజంగా ప్రయాణాలు చేసే పక్షులకు హైదరాబాద్‌లో వసంతం తిరుగు ప్రయాణపు కాలం. మోదుగ, బూరుగ పూల మీద వాలి గోల చేసే గులాబీ గోరింకలు మధ్య ఆసియా వైపు వెళ్లిపోతాయి. బాతులు హిమాలయాలకు అవతల ఉన్న గూళ్ల దారి పడతాయి. లిటిల్ స్టింట్ అనే పిట్ట ఉంది. బరువు ముప్ఫై గ్రాములకు అటూ ఇటూ, పిచ్చుకంత. అది గుడ్లు పెట్టేది ఉత్తర ధ్రువ ప్రాంతపు టండ్రా నేలల్లో. అంత దూరం ఎగరడానికి దానికి దారిబత్తెం ఒంట్లో పట్టించుకున్న కొవ్వే. ఆ కొవ్వు మన చెరువుల అంచున, రెండు మూడు వేళ్ల లోతు నీళ్లలో, బురదలో దొరికే పురుగుల నుంచి రావాలి.

సుందరీకరణ పేరుతో మనం ముందుగా తీసేస్తున్నది సరిగ్గా ఆ అంచునే. ఏటవాలుగా ఉన్న ఒడ్డును నిలువుగా చెక్కి రాతి కట్టడం కడుతున్నారు. పైన నడకదారి, దాని పైన రాత్రంతా వెలిగే దీపాలు. ఒడ్డునే నడుములోతు నీళ్లుంటే నామాల కోడి ఈదుతుంది. ఉల్లంకి ఎక్కడ నిలబడుతుంది? చూసేవారికి చెరువు నిండుగా, శుభ్రంగా కనిపిస్తుంది కాబట్టి ఏదో పోయిందన్న సంగతే తట్టదు.

పని వేళ కూడా అలాగే కుదిరింది. నీళ్లు తగ్గుతాయి కనుక, మార్చి 31లోపు బిల్లులు కావాలి కనుక ఫిబ్రవరి, మార్చిలలోనే యంత్రాలు దిగుతాయి. పక్షుల గణనేమో జనవరిలో అయిపోతుంది. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఆ నెలలోనే జరుగుతోంది. జనవరిలో బాగా కనిపించిన చెరువును మార్చిలో తవ్వితే ఏ కాగితంలోనూ నమోదు కాదు.

ఒకప్పుడు ఆయకట్టుకు నీళ్లు వదలడంతో ఎండాకాలం వచ్చేసరికి చెరువు తగ్గి, నీటి అడుగున ఉండే శిఖం భూమి బయటపడి, పిట్టలకు పొలమంత మేత దొరికేది. ఇప్పుడు ఆయకట్టు అపార్టుమెంట్లయింది. మురుగునీరు ఏడాదంతా వచ్చి చేరుతుంటే చాలా చెరువులు తగ్గడం మరిచిపోయాయి, పైగా గుర్రపుడెక్క. ఇది ఒక్క గుత్తేదారు చేసిన పాపం కాదని ఒప్పుకుంటాను. మా ఇంటి మురుగు కూడా అందులో ఉండే ఉంటుంది.

2024లో చెరువుల ఆక్రమణలను తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ ఖాళీగా వదలాల్సిన నేల) అనే మాటలు టీకొట్టు దగ్గర కూడా వినిపిస్తున్నాయి. సంతోషం. అయితే ఆ చర్చంతా ఆక్రమణల చుట్టూనే తిరుగుతోంది. ఆక్రమణ లేకుండానే, ప్రభుత్వ సొమ్ముతోనే, చెరువు పక్షులకు పనికిరాకుండా పోవచ్చన్న మాట ఎవరూ ఎత్తడం లేదు. గండిపేటలోనో అమీన్‌పూర్‌లోనో ఫ్లెమింగోలు దిగితే పత్రికల్లో ఫొటోలు వస్తాయి. రావాలి కూడా. అమీన్‌పూర్ చెరువుకు 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు దక్కింది. గుర్తింపు లేని వందలాది చిన్న చెరువుల్లో వాలే మట్టిరంగు పిట్టలు ఫొటోకు అందంగా ఉండవు, అదే వాటి దురదృష్టం.

అధికారులను కోరేది పెద్దదేమీ కాదు. ప్రతి చెరువుకూ కనీసం ఒక వైపు ఒడ్డును ఏటవాలుగా, రాయి లేకుండా వదలండి. ఆ వైపు దీపాలు వద్దు. ఒడ్డు పనులను వలస పక్షులు వెళ్లిపోయాక, మే నెలలో వానలకు ముందు చేయించండి. అంచనాలు వేసేముందు ఈ నగరంలో ఏళ్ల తరబడి బైనాక్యులర్లు మెడలో వేసుకుని తిరుగుతున్నవారి జాబితాలు ఒక్కసారి అడిగి చూడండి, ఉచితంగానే ఇస్తారు.

మా చెరువుకు మూడు వైపులా రాతి కట్టడం అయిపోయింది. పడమటి ఒడ్డు పని ఇంకా మొదలు కాలేదు. శనివారం సాయంత్రం అక్కడ, గేదెలు తొక్కిన బురదలో, రెండు ఉల్లంకులు మేస్తున్నాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
శేరిలింగంపల్లి, హైదరాబాద్