డ్రమ్ము చూసి దుంకే గుర్రం గురించి

మలక్‌పేట,
ఆదివారం

బిడ్డా,

నిన్న నీ ఫోన్ వచ్చినంక రాత్రంత అదే ఆలోచన. గుర్రం మీది నుంచి రెండుసార్లు పడ్డనన్నవ్. మీ అమ్మకు ఒక్కటే చెప్పిన, రెండోది దాచిన. నువ్వు కూడ నోరు జారకు.

"బాద్షాకు ఏమో అయింది నాయనా, వంద సార్లు చూసిన నీళ్ల డ్రమ్ము దగ్గర పక్కకు దుంకుతున్నది, ఓనర్ అమ్మేస్తనంటున్నడు" అన్నవ్. దాణా ఎంత పెడుతున్నవని అడిగిన. పోటీలప్పుడు పెట్టినంతే, రోజుకు 6 కిలోలన్నవ్. సవారీ మాత్రం వారానికి ఆరు రోజుల నుంచి రెండు రోజులకు దిగింది. ఇగ నాకు సగం సంగతి అక్కడనే తెలిసిపోయింది.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటరు కద. నీది గుడ్డిది కాదు, మూడు నెలలు ఒళ్లు వంచి తయారు చేసిన గుర్రం. పని ఆపినంత మాత్రాన ఆ ఊపిరి, ఆ కండ వారంల పోవు. రెండు మూడు వారాలు ఊరికె నిలబడ్డా దమ్ము పెద్దగ తగ్గదు. దాని మీద రోజూ అంత దాణా పడితే ఆ బలం ఎటు పోవాలె? గాలికి ఆకు కదిలినా దుంకుతది. డ్రమ్ము ఒక సాకు.

2020 మార్చిల లాక్‌డౌన్ పడ్డప్పుడు మా లాయంల ఇదే చూసిన. రేసులు ఆగినయ్, గాలప్‌లు, అంటే జోరుగ ఉరికించుడు, ఆగినయ్, నడక ఒక్కటే మిగిలింది. మొదటి వారం గుర్రాలు మంచిగనే ఉండె. రెండో వారం నుంచి రోజూ దాటే రేకుల గేటు దగ్గర ఒక్కొక్కటి నిక్కి నిలబడుడు, వెనుక కాళ్ల మీద లేసుడు. దాణా సగానికి దించి, పొద్దున సాయంత్రం నడక పెంచినంక గని దారికి రాలే. అది కూడ ఒక్కరోజుల కాదు, పది పన్నెండు రోజులు పట్టింది. నువ్వు గూడ అంత ఓపిక పట్టాలె.

దాణా తగ్గించేటప్పుడు ఒకేసారి కొయ్యకు, రోజుకు కొంచెం కొంచెం దించు. గడ్డి మాత్రం అసలే తగ్గియ్యకు. 450 కిలోల గుర్రానికి ఎండుగడ్డే రోజుకు 8, 9 కిలోలు కావాలె. గుర్రం కడుపుల ఆమ్లం తిన్నా తినకున్నా ఊరుతనే ఉంటది. గడ్డి లేక ఖాళీగ ఉంటే పుండ్లు పడతయ్, జీను పట్టీ బిగించబోతే కరవ వస్తది. అప్పుడు మళ్ల "దీనికి పొగరు" అంటరు.

ఇంకొకటి. సెలవు రోజు నిండ దాణా తిని, తెల్లారి ఒక్కసారి పనిల పడితే వచ్చే రోగం ఒకటున్నది, సోమవారం జబ్బంటరు. పది పదిహేను నిమిషాలల్ల వెనుక భాగం రాయి లెక్క బిగుసుకుంటది, చెమటలు కారతయ్, మూత్రం కాఫీ రంగుల వస్తది. అట్ల కనబడితే ఒక్క అడుగు కూడ నడిపియ్యకు, ఉన్న చోటనే నిలబెట్టి డాక్టర్‌ను పిలువు. మా కాలంల సెలవుకు ముందు రాత్రి గోధుమ పొట్టు నీళ్లల్ల కలిపి ముద్ద లెక్క చేసి పెట్టేటోళ్లం, దాన్నే మాష్ అంటరు. ఒక్క రాత్రికి తిండి మార్చుడు కడుపుకు మంచిది కాదని ఇప్పటి డాక్టర్లంటరు. వాళ్ల మాటనే విను. ఆ మాష్ మహిమ ఏం లేకుండె, ఆ రాత్రి దాణా పడకపోవుడే మేలు చేసిందని నాకు ఇప్పుడు అనిపిస్తది.

నీ దగ్గర ఎవరో "గంట సేపు ఉరికించి అలసగొట్టు" అన్నరట. వద్దు. ఉరికిస్తే ఇంకా దమ్ము పెరుగుతది, రేపు రెండు గంటలు ఉరికియ్యాలె. లాంజ్ మీద, అంటే పొడుగు తాడు కట్టి చిన్న గుండ్రంల, తిప్పి తిప్పి చంపకు, కీళ్లు పోతయ్. దాని బదులు ఓనర్‌ను బతిమాలి రోజూ రెండు గంటలన్న పాడక్‌ల, అంటే కంచె ఉన్న మైదానంల, విడిపియ్యి. సవారీ లేని రోజు చేతిల తాడు పట్టుకొని అరగంట నడిపియ్యి, ఆ డ్రమ్ము పక్క నుంచే.

డ్రమ్ము గురించి కూడ చెప్పాలె. గుర్రం కండ్లు రెండు పక్కలకుంటయ్, చుట్టూ దాదాపు అంతా కనబడతది. నుదుటి ముందట, తోక వెనుక మాత్రం కనబడదు. ఎండ నుంచి నీడల కొస్తే మన కంటే ఆలస్యంగ చూపు కుదురుతది. నువ్వు పొద్దున చూపించిన డ్రమ్ము, సాయంత్రం చెట్టు నీడల దానికి ఇంకోటి. పోయేటప్పుడు ఎడమ కంటితోని చూసింది, వచ్చేటప్పుడు కుడి కంటికి కొత్తగనే ఉన్నట్టు చేస్తది. రెండు దిక్కుల నుంచి నడిపియ్యి.

దుంకే ముందు అది నీకు చెప్తది. చెవులు బాణాల లెక్క నిలబడతయ్, మెడ కట్టె అయితది, ఊపిరి బిగపడతది. అప్పుడు పగ్గాలు గుంజి మూతి డ్రమ్ము దిక్కు తిప్పితే నువ్వే భయం ఖాయం చేసినట్టు. మూతి కొంచెం ఇవతలికి, డ్రమ్ము లేని దిక్కు నీ కాలు దాని పక్కటెముకకు, చూపు డ్రమ్ము అవతలికి. నువ్వు ఊపిరి వదులు, ఏదన్న మాట్లాడు. నేనైతే "చల్ బేటా చల్" అని గొణుగుతనే ఉండేటోన్ని. నడక, దుల్కీ (నడకకు ఉరుకుడుకు నడుమ చిన్న పరుగు), మళ్ల నడక, ఇట్ల మార్చుకుంట పని చెప్తే దాని మనసు నీ దిక్కు ఉంటది. గుర్రం మెడకు ఒక పట్టీ కట్టు, దుంకినప్పుడు పగ్గం బదులు అది పట్టుకోవచ్చు.

కొట్టకు బిడ్డా. నేను కొట్టిన. రేసులు లేని ఎండకాలం, ఒక కెంపు రంగు గుర్రం ప్లాస్టిక్ కవరు చూసి దుంకితే కొరడాతోని నాలుగు వాయించిన. తెల్లారి అదే చోటుకు రాంగనే, కవరు లేకున్నా, దెబ్బలు గుర్తొచ్చి మీదికి లేసింది. నా మెడ కింది కాలర్ ఎముక విరిగింది. మీ అమ్మకు బాత్రూంల జారినన్న. ఇప్పటికి అదే నమ్ముతది.

ఇవన్నీ చేసే ముందు వీపు నొక్కి చూడు, పండ్లు, కండ్లు డాక్టర్‌కు చూపియ్యి. పని తగ్గితే వీపు మీద కండ మారి, మొన్నటి దాక సరిపోయిన జీను ఇప్పుడు గుచ్చుతుండొచ్చు. నొప్పితోని దుంకేదానికి దాణా తగ్గించి ఫాయిదా లేదు.

ఓనర్‌తోని ఇరవై రోజులు ఆగుమను. నువ్వు దాణా డబ్బాతోని కొలుస్తవ్, నాకు తెలుసు. డబ్బా ఓట్స్ గింజలు, డబ్బా పెల్లెట్లు (గోలీల లెక్క ఒత్తిన దాణా) ఒక్క తూకం ఉండవు. కాంటా మీద పెట్టి ఎన్ని కిలోలొచ్చిందో ఫోన్ చేసి చెప్పు. సాయంత్రం ఆరుకు చెయ్, మీ అమ్మ గుడికి పోతది.

మీ నాయన