కథ కనోస్సాతో అయిపోలేదు

సంపాదక మహాశయులకు,

పోయిన ఆదివారం అనుబంధంలో కనోస్సా వ్యాసం చదివాను. ఇటలీలోని ఆ కోట దగ్గర నాలుగో హెన్రీ పోప్‌ను క్షమాపణ వేడుకున్నాడని, గెలుపు పోప్‌దేనని రాశారు. సవరణ వేస్తారేమోనని నాలుగు రోజులు చూశాను. వెయ్యలేదు.

1077 జనవరిలో పోప్ ఉన్న కోట గుమ్మం ముందు నిలబడ్డ నాలుగో హెన్రీ మీరు రాసినట్టు చక్రవర్తి కాదు, జర్మనీ రాజు. చక్రవర్తి కిరీటం 1084లో గానీ దక్కలేదు. అదీ తాను నిలబెట్టిన పోటీ పోప్ చేతుల మీదుగా. పోప్ ఏడో గ్రెగరీ మరుసటి ఏడాది రోమ్‌కు దూరంగా సాలెర్నోలో కన్నుమూశాడు. మరి గెలుపు పోప్‌దేనని ఎలా అచ్చువేశారు?

ఉన్ని బట్టతో, కాళ్లకు చెప్పుల్లేకుండా రాజు మూడు రోజులు మంచులో నిలబడ్డాడని పేజీలో సగం రాశారు. గొడవ దేనికో ఒక్క ముక్క లేదు. గొడవ ఉంగరం, దండం దగ్గరండీ. కొత్త బిషప్ చేతిలో ఆ రెండూ రాజే పెట్టేవాడు. ఉంగరం చర్చితో పెళ్లికి గుర్తు, దండం కాపరి కర్రకు గుర్తు. అవి ఇవ్వడానికి రాజెవరని గ్రెగరీ అడిగాడు. రాజు మాత్రం ఎలా వదులుకుంటాడు? భూములు, పన్నులు, సైనికులు అన్నీ ఆ బిషప్‌ల చేతుల్లోనే ఉండేవి. 1075లో మిలాన్ ఆర్చిబిషప్‌గా హెన్రీ తన మనిషిని వెయ్యడంతో తగువు ముదిరింది. మరుసటి ఏడాది పోప్ రాజును చర్చి నుంచి వెలివేశాడు. ఏడాదిలోగా వెలి తీయించుకోకపోతే నువ్వు మాకు రాజువి కాదని జర్మన్ దొరలు తేల్చేశారు. ఆ గడువు దగ్గరపడబట్టే వెలి తీయించుకోవడానికి హెన్రీ నడిచలిలో ఆల్ప్స్ కొండలు దాటి కనోస్సా వెళ్లాడు.

తగువు తెగింది 1122లో, వీళ్లిద్దరూ పోయాక, జర్మనీలోని వోర్మ్స్ నగరంలో. ఉంగరం, దండం ఇచ్చేది చర్చి. భూములు, అధికారాలు రాజదండంతో ఇచ్చేది రాజు. జర్మనీలో బిషప్ ఎన్నిక రాజు ఎదుటే జరగాలి. అసలైన ఈ రాజీ మీ వ్యాసంలో లేదు.

ముప్పై ఏళ్లు హిస్టరీ చెప్పినవాణ్ణి, అందుకే ఈ బాధ. ఇప్పుడు చరిత్ర అంటే బిట్లే. పోటీ పరీక్షలకు చదువుతున్న మా మనవరాలి కోచింగ్ నోట్సులోనూ ‘కనోస్సా, 1077, పోప్ విజయం’ అని ఒకే లైను. తప్పమ్మా అంటే, “పేపర్లో కూడా అదే వేశారు కదా తాతయ్యా” అంది. వెనకటికి పేపర్లో తప్పు దొర్లితే మర్నాడే సవరణ ఉండేది. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తే దిక్కు లేదు.

మీ వ్యాసం కత్తిరించి ఆ పిల్ల నోట్సులో అంటించుకుంది. వచ్చే ఆదివారం అదే పేజీలో సవరణ వెయ్యండి. దాని పక్కనే అంటిస్తాను.

ఒక రిటైర్డ్ హిస్టరీ మాస్టారు,
తెనాలి